వీబ్కె గిన్నెలో చిట్లిన సాసేజ్‌లు

వీబ్కెకు నీళ్ళు కాచడం కూడా రాదని ఆ ఊరంతా నమ్మింది. పదిహేనేళ్ళ కిందట ఆలొయిస్‌ను చేసుకుని ఉత్తర జర్మనీలోని బ్రేమెన్ నుంచి దక్షిణాన ఈ బవేరియా పల్లెకు వచ్చిన మనిషి ఆమె. అత్త క్రెసెంజ్ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "ప్రష్యా పిల్ల" అనేది. ఉత్తరాది వాళ్ళంతా ఆవిడ లెక్కలో ప్రష్యావాళ్ళే.

నిజానికి తెల్ల సాసేజ్ వండటం పెద్ద విద్యేమీ కాదు. నీళ్ళు మరిగాక మంట బాగా తగ్గించి, అందులో వేసి ఇరవై నిమిషాలు ఊరుకోవాలి. నీళ్ళు మళ్ళీ తెర్లాయంటే మాత్రం పొర చిట్లి, లోపలి దూడమాంసమంతా బయటికొస్తుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే, మధ్యాహ్నం గంట కొట్టేలోపు, తీపి ఆవముద్దతోనూ ప్రెట్జెల్ రొట్టెతోనూ వడ్డించాలి. గంట కొట్టాక వడ్డిస్తే ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు.

వీబ్కె వండితే అవి చిట్లేవి. రోజూ కాదు, చుట్టాలొచ్చిన ఆదివారాల్లోనే. మంట గోరంత చేసి బల్ల సర్దడానికి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి గిన్నె కుతకుతలాడుతుండేది. ఆలొయిస్ చిట్లినదాన్ని ఫోర్కుతో పైకెత్తి, మా ఆవిడ దీని కోటు విప్పి మరీ పంపింది అనేవాడు. చుట్టాలు పడీపడీ నవ్వేవారు. ఇలాంటివాణ్ణి ఆ ఊళ్ళో సరదా మనిషి అంటారు. వీబ్కె పనిరోజుల్లో ఎవరూ లేనప్పుడు వండి చూసుకునేది. అప్పుడు ఒక్కటీ చిట్లేది కాదు. నలుగురిలో కంగారుపడి మంట నేనే సరిగ్గా తగ్గించట్లేదు కాబోలని తననే తిట్టుకునేది, పిచ్చిది.

కూతురు ఆఫ్రాకు పదమూడో ఏడు. జూన్‌లో బిషప్పు వచ్చి పిల్లల నుదుట నూనె రాసి చర్చిలో పూర్తిగా చేర్చుకునే పండగ. ఆ రోజు బంతికి తన చేత్తో వండిపెట్టాలని వీబ్కెకు ఎంతో ఆశ. కన్నకూతురి పండగ కదా. పదిహేనేళ్ళలో మొదటిసారి నోరు విప్పి అత్తను అడిగింది.

"ఈ ఆదివారం నీ ఆడబిడ్డ వాళ్ళొస్తున్నారుగా," అంది క్రెసెంజ్. "ఒక్కటి కూడా చిట్లకుండా పెట్టు చూద్దాం. పెట్టావా, ఆ రోజు వంటిల్లు నీది. లేదా, హోటలావిడ వండుతుంది, నువ్వు పళ్ళాలు మోద్దువుగాని."

ఆ ఆదివారం వీబ్కె బల్ల ముందే సర్దేసి, కళ్ళలో ఒత్తులు వేసుకుని పొయ్యి దగ్గరే నిలబడింది. పదిహేను నిమిషాలు గడిచాయి. గిన్నెలోని పన్నెండు సాసేజ్‌లూ చెక్కుచెదరలేదు. అంతలో ఆలొయిస్ ముందుగదిలోంచి బీరు అడిగాడు. పరుగున నేలమాళిగకు దిగి, సీసాలు పట్టుకుని పైకి వచ్చేసరికి పొయ్యి మీట మీద ఓ చెయ్యి కనబడింది. మంట గిన్నె అంచుదాకా లేచింది.

ఆ చెయ్యి ఆఫ్రాది. తల్లిని చూసి బెదరనైనా లేదు.

"ఏం చేస్తున్నావే?"

"నాన్న ఎప్పుడూ చేసేదే," అంది ఆఫ్రా. "నీకు తెలీదా? నువ్వు బల్ల దగ్గరికెళ్ళగానే వచ్చి తిప్పుతాడు. నానమ్మకీ తెలుసు."

 వీబ్కె సీసాలు బల్ల మీద పెట్టి, పొయ్యి ఆపింది. అప్పటికే నాలుగు చిట్లాయి.

"ఇవాళ నాన్న తిప్పమన్నాడా?"

"లేదు. నేనే. నా పండగ రోజు నువ్వు వండితే మా క్లాసు పిల్లలంతా నవ్వుతారు."

"ఇన్నాళ్ళూ చిట్లింది నా వల్ల కాదని నువ్వే అంటున్నావుగా, తల్లీ."

"నాకు తెలుసులే. ఊరికి తెలీదుగా."

వీబ్కె గిన్నె ఎత్తుకుని ముందుగదిలోకి వెళ్ళింది. ఆలొయిస్ ఫోర్కు ఎత్తి కోటు మాట మళ్ళీ అన్నాడు. ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చెప్పేద్దామని వీబ్కె నోరు తెరిచింది. కానీ ఎవరికని చెబుతుంది? తెలియాల్సిన వాళ్ళందరికీ ముందే తెలుసు. అత్త ప్రెట్జెల్ తుంచుకుంటూ, హోటలావిడకు గురువారమే చెప్పి పెట్టానంది.

పండగ రోజు ముప్పై మంది వచ్చారు. వీబ్కె తెల్ల ఏప్రను కట్టుకుని పళ్ళాలు మోసింది. కొత్త గౌనులో ఆఫ్రా బంతి నడుమ కూర్చుంది. ఆమె పళ్ళెంలో పడిన సాసేజ్ ఈ కొస నుంచి ఆ కొసదాకా చిట్లి ఉంది. వీబ్కె దాన్ని చూసి, మార్చి తెస్తానని చెయ్యి చాచింది.

"ఉండనీ," అంది క్రెసెంజ్. "హోటలావిడ మాంసం దండిగా కూరుతుంది. అందుకే చిట్లుతుంది."

అందరూ అవునన్నారు. ఆఫ్రా ఆవముద్ద కోసం తల్లి వైపు పళ్ళెం జరిపింది, మొహం ఎత్తకుండానే. వీబ్కె ఒక చెంచా వడ్డించి, పక్క పళ్ళానికి వెళ్ళింది.