మౌనస్వామి మాట్లాడిన వేసవి

వేసవి వస్తే చాలు, కింది ఊళ్ల వాళ్లంతా ఎండ తప్పించుకోవడానికి కొండెక్కి ఆ సరస్సుకు వచ్చేవారు. లోతు లేని చోట పిల్లలు గాలి ట్యూబుల మీద తేలేవారు. తాతలు గాలాలు వేసుకుని, చేప పడినా పడకపోయినా సాయంత్రం దాకా ఒడ్డునే కూర్చునేవారు. కొత్త జంటలు పెడల్ బోటు ఎక్కి, ఒకరు ఎడమకీ ఒకరు కుడికీ తిప్పుతూ ఉన్నచోటే గుండ్రంగా తిరిగేవారు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు జలపాతం దాకా నడిచి వెళ్లేవారు. ఇవేవీ చేతకానివాళ్లు, అంటే ఎక్కువమంది, తెడ్ల పడవ ఎక్కేవారు.

ఆ పడవ మీద ఇద్దరు అన్నదమ్ములు ముప్పై ఏళ్లు కలిసి పనిచేశారు. తమ్ముడు మధ్యలో కూర్చుని తెడ్లు వేసేవాడు. అన్న అతని వీపు వెనక, పడవ కొసన కూర్చుని ప్రయాణికులకు కబుర్లు చెప్పేవాడు. అన్నను రేవులో అందరూ రేడియో అనేవారు. తమ్ముణ్ని మౌనస్వామి అనేవారు. తమ్ముడికి పెళ్లెందుకు కాలేదని ఎవరైనా అడిగితే దానికీ అన్నే జవాబు చెప్పేవాడు.

"సంబంధం చూడ్డానికి వెళ్లామండీ. పిల్ల వీణ్ని ఏదో అడిగింది. వీడింకా ఆలోచిస్తున్నాడు."

రేడియో భార్య రేవు మెట్ల పక్కన బండి పెట్టుకుని మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. ముగ్గురిదీ ఒకే ఇల్లు. వెనక గది తమ్ముడిది.

ఒక చలికాలంలో, రేవు మూసిన రోజుల్లో, అన్నదమ్ములు పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, అడుగున తారు పూస్తున్నారు. "ఈ కుంచెకు వెంట్రుకలన్నీ ఊడిపోయాయిరా, ఇంకోటి తే" అన్నాడు అన్న. తమ్ముడు షెడ్డులోకి వెళ్లి కుంచె తెచ్చాడు. అన్న పడవకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తమ్ముడు కుంచె చాపి నిలబడ్డాడు. అన్న తీసుకోలేదు. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

అంత్యక్రియలు జరిగిన మర్నాడు పొద్దున్నే తమ్ముడు రేవుకు వెళ్లి తారు కాచాడు.

"ఇవాళేంటయ్యా ఈ పని?" అన్నాడు రేవు కాపలాదారు.

"సగమే అయింది" అని చెప్పి, మిగతా సగం పూసి ఇంటికొచ్చాడు.

అతను ఏడవలేదు. రాయిలాంటి మనిషని కొందరన్నారు, లోలోపల కుమిలిపోతున్నాడని కొందరన్నారు. అతనికి రెండూ నిజమనిపించలేదు. చాలాసేపు మఠం వేసుక్కూర్చుంటే కాలు మొద్దుబారుతుంది చూడండి, అది తన కాలేనని చేత్తో తడిమి చూసుకుంటే తప్ప తెలియదు. అతనికి ఒళ్లంతా అలాగే ఉంది. వదిన కంచం పెడితే తినేవాడు. పెట్టడం ఆమె మరిచిపోయిన రోజు అడిగేవాడు కాదు.

ఎండలు ముదిరాయి. రేవు తెరిచారు. రేవు సూపర్‌వైజరు అతన్ని పక్కకు పిలిచాడు.

"ఇదిగో, తెడ్డు వేస్తే సరిపోదు. ఎవరో ఒకరు మాట్లాడాలి. లేకపోతే జనమంతా మోటారు పడవ ఎక్కేస్తారు. నీకు మాట్లాడే మనిషిని వెతకనా?"

"వద్దు. నాకొచ్చు" అన్నాడతను.

సూపర్‌వైజరు నమ్మలేదు. మొదటి చుట్టుకు తనూ ఎక్కి కూర్చున్నాడు.

పడవ రేవు వదిలి, కలువల పక్కనుంచి తిరగగానే మౌనస్వామి మొదలుపెట్టాడు. "ఈ సరస్సు లోతెంతో ఎవరికీ తెలీదండీ. తెలుసుకున్నవాడు పైకి రాలేదు." పడవలో వాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఎంతసేపుంటుందో అతనికి తెలుసు. నాలుగు తెడ్లు వేసేంతసేపు. ఐదో తెడ్డుకు తర్వాతి మాట అందుకున్నాడు. "ఆ బండ చూశారా? ఏనుగులా ఉంటుందంటారు అందరూ. నాకు మాత్రం మా మామగారే కనిపిస్తారు. కదలమంటే కదలరు." మళ్లీ నవ్వారు. పెళ్లే లేనివాడికి మామగారెక్కడివాడని సూపర్‌వైజరు కూడా అడగలేదు. ఆయన కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

అలా రోజుకు ఎనిమిది చుట్లు. ముప్పై ఏళ్లు వీపు వెనక విన్న మాటలు ఒక్కటీ తప్పిపోకుండా వచ్చేవి. జనం దిగుతూ భుజం తట్టేవారు. అతను తలూపి, తడిసిన లైఫ్ జాకెట్లు విప్పించి ఎండలో ఆరేసేవాడు.

పొత్తులు కొనడానికి వచ్చినవాళ్లు ఆ పడవాయన భలే మాట్లాడతాడని అంటుంటే వదిన మొదట మోటారు పడవ నడిపేవాడి గురించి అనుకుంది. తన మరిది గురించేనని తెలిశాక రెండు రోజులు పొత్తులు కాలుస్తూ పడవనే చూసింది. మూడో రోజు మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నప్పుడు, బొగ్గుల మీద బూడిద కప్పి మెట్లు దిగి వచ్చింది.

"అబ్బాయ్, నన్నో చుట్టు తిప్పు."

అతను లైఫ్ జాకెట్ ఇచ్చాడు. ముందుదేదో వెనకదేదో ఆమెకు తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, వదిన ఈ పడవ ఎప్పుడూ ఎక్కలేదని.

ఆమె అతనికి ఎదురుగా కూర్చుంది. "రోజూ ఏం చెప్తావో అదంతా చెప్పు. నన్ను చూసి ఏదీ తగ్గించకు" అంది.

అతను చెప్పాడు. లోతు గురించి చెప్పాడు. మామగారి బండ గురించి చెప్పాడు. ఆమె ఆ బండను తలతిప్పి చూసి, "మా నాన్న ఇంత లావుండేవాడు కాదు" అంది. నిటారు కొండ కిందికి వచ్చాక తెడ్లు ఆపాడు.

"ఇక్కడ ఏమని అరిచినా జవాబొస్తుందండీ. మా ఇంట్లో అదీ రాదు. కావాలంటే అరిచి చూడండి."

"నేనేం అరవను. పొద్దుట్నుంచీ పొత్తులో పొత్తులని అరుస్తూనే ఉన్నా."

"మా ఆవిడకి నీళ్లంటే భయమండీ. అందుకే నేనీ ఉద్యోగంలో చేరాను."

ఆమె కొండ మీంచి చూపు అతని వైపు తిప్పింది.

"నాకు భయమని ఎవరన్నారు?"

"అన్నయ్య."

"రోజూ అనేవాడా?"

"ప్రతి చుట్టుకీ."

"నాకేం భయం లేదు. బండి వదిలి రావడానికి కుదరలేదంతే. ఒక్కనాడన్నా రమ్మన్నాడా మహానుభావుడు! నేనూ అడగలేదులే." నీళ్లలోకి చెయ్యి జార్చి మళ్లీ తీసేసింది. "అయినా నువ్వు మధ్యలో ఎందుకు దగ్గుతున్నావు? జలుబు చేసిందా?"

"అన్నయ్య అక్కడ దగ్గేవాడు వదినా."

"ఆయన చుట్టలు కాల్చి దగ్గేవాడు. నీకెందుకయ్యా?"

ఆమె అడిగేదాకా అతనికి తను దగ్గుతున్నట్టే తెలియదు. తెడ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పడవ గాలికి పక్కకు జరిగింది.

"నాకేమీ అనిపించడం లేదు వదినా. వాళ్లు నవ్వుతారు. నేను తర్వాతది చెప్తాను."

"నాకూ అంతే. పొత్తు మాడిపోతున్నా వాసన తెలియట్లేదు. కొనేవాళ్లు చెప్తున్నారు." జాకెట్ పట్టీ వదులు చేసుకుంది. "ఇంక ఆ మాటలు చెప్పకు. నవ్వేవాళ్లు నవ్వుతారు గానీ, నాకు భయమేసింది."

"మరి ఎవరు చెప్తారు?"

"ఒడ్డుకు పోనీ. చూద్దాం."

ఆ వారంలోనే ఆమె పొత్తుల బండి తన అక్క కూతురికి అప్పగించి, చీర కొంగు దోపుకుని పడవ కొసన కూర్చుంది. రేడియోలా మాట్లాడటం ఆమెకు రాలేదు. ఒడ్డున కూర్చుని తను చూసినవే చెప్పేది. పెడల్ బోటులో పోట్లాడుకుని, దిగగానే చెరో దారి పట్టిన జంట గురించి చెప్పింది. గాలానికి చెప్పు తగిలితే దాని జోడు కోసం మర్నాడూ వచ్చిన తాత గురించి చెప్పింది. మొదటి రోజు ఇద్దరు నిద్రపోయారు. సూపర్‌వైజరు గొణిగాడు. "ఉన్న స్వామి నోరు విప్పాడనుకుంటే మళ్లీ మూయించావా తల్లీ!" అన్నాడు. పది రోజులకు ఆమె గొంతు కుదురుకుంది. ఆడవాళ్లు ముందు ఆమె పడవే ఎక్కడం మొదలుపెట్టారు.

మౌనస్వామి తెడ్లు వేశాడు. వీపు వెనక గొంతు మారింది. అది బాగుందనీ అనుకోలేదు, బాగాలేదనీ అనుకోలేదు. దగ్గు మాత్రం పోయింది.

ఒకసారి ఆమె బండ దగ్గర, "మా ఆయనకి ఇందులో మా నాన్న కనిపించేవాడండీ. నాకు మా ఆయనే కనిపిస్తాడు. ఒకసారి కూర్చున్నాడంటే మరి లేవడు" అంది. జనం నవ్వారు. ఆ మాటకు నవ్వు ఎంతసేపుంటుందో మౌనస్వామికి తెలియలేదు. తెడ్డు తప్పి నీళ్లు ఒక పెద్దాయన మీద చిందాయి. "క్షమించండి" అన్నాడు. అంతే.

తొలకరి మబ్బులు కమ్మాక ఆ ఏటికి రేవు మూసేశారు. మర్నాడు వదిన ఇద్దరికీ అన్నం మూటగట్టి, "పద, జలపాతం చూద్దాం. ఊరంతా చూసిపోయింది, మనం తప్ప" అంది. ఆమెకు మోకాళ్ల నొప్పి, అతనికి నడక అలవాటు లేదు. గంటలో చేరాల్సిన దారికి రెండు గంటలు పట్టింది. అక్కడ వాళ్లిద్దరు తప్ప ఎవరూ లేరు. ఒక రాతి పలక మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని అన్నం తిన్నారు.

చాలాసేపటికి అతను, "నీళ్లు చల్లగా ఉన్నాయి వదినా" అన్నాడు.

"ఇప్పుడా తెలిసింది? పెట్టి అరగంటైంది."

అతను కాళ్లు తీయలేదు. చినుకులు మొదలయ్యాక ఆమె గిన్నె కడిగి సంచిలో పెట్టింది. అతను సంచి అందుకున్నాడు. కిందికి దిగేటప్పుడు దారి జారుతోందని ఒకచోట ఆమెకు చెయ్యి ఇచ్చాడు.