అన్నగారి చెలక

మొన్న ఢిల్లీ నుంచి వస్తున్న మా చెల్లెలి కోసం శంషాబాద్ విమానాశ్రయంలో ఎదురుచూస్తుంటే, గోడమీది టీవీలో మా మంత్రిగారు పోయారన్న వార్త కనిపించింది. చుట్టుపక్కల ఎవరూ తలెత్తి చూడలేదు. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి స్టెనోగా పనిచేసిన నేను మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని చివరిదాకా చదివాను.

శంషాబాద్ పక్కనున్న సాతంరాయి దగ్గరి ఒక రైతు కుటుంబంలో పుట్టి, సర్పంచిగా మొదలై, శాసనసభ మీదుగా కేంద్రమంత్రి దాకా ఎదిగిన మనిషి. తండ్రి చిన్నప్పుడే పోతే, అన్నగారు తన చదువు మాని నాగలి పట్టి ఈయనను చదివించారట. కోస్తా నుంచి వచ్చిన నాకు మంత్రిగారి మాట మొదట్లో సగమే అర్థమయ్యేది. ఆయన మాత్రం నేను రాసిన ప్రతి ఉత్తరాన్నీ పైకి చదివించుకుని, పల్లెటూరివాడికి ఇది తెలుస్తుందా అని అడిగేవారు.

విమానాశ్రయానికి కొత్త రోడ్డు వేసేటప్పుడు ప్లానులోని గీత సరిగ్గా అన్నగారి చెలక మధ్యనుంచి పోయింది. ఆయనకున్న మెట్టభూమి అంతా అదే. ఆయన రైలెక్కి ఢిల్లీ వచ్చి, ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చుని, ఆ గీతను కాస్త అవతలికి జరిపించమని తమ్ముణ్ణి అడిగారు. ఏదో సమావేశానికి బయలుదేరుతున్న మంత్రిగారు తలుపు దగ్గరే ఆగారు.

"మనది తప్పిస్తే పక్కోనిది పోతది అన్నా. ఆయనకు నేనేం జెప్పాలె?"

అన్నగారు తాను తెచ్చిన జొన్నరొట్టెల మూట నా బల్లమీద పెట్టి, భోజనమైనా చేయకుండా వెళ్ళిపోయారు. రోడ్డు పడింది. తర్వాతి ఎన్నికల్లో సొంత ఊరే ఓటు వేయక మంత్రిగారు ఓడిపోయారు, మళ్ళీ పోటీ చేయలేదు. అన్నదమ్ముల మధ్య మాటలూ ఆగిపోయాయి. అన్నగారి కోసమైనా గీత జరపలేదని నేను ఆయనను పదిమందిలో పొగిడేవాణ్ణి.

టీవీలో వార్త చూసిన మర్నాడు ఆయన ఊరికి వెళితే, ముదుసలి అయిపోయిన అన్నగారు అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి పక్కన చోటిచ్చారు. చెలక పోయిన బాధ ఇంకా ఉందా అని మెల్లగా అడిగాను.

"తమ్ముడు జెప్పింది న్యాయమే సార్. గాని జర నా పక్కన కూసోని జెప్పాలె గద."

ఆ రోజు ఆ గదిలోనే ఉన్నాను, ప్రతి మాటా రాసుకోవడమే నా ఉద్యోగం. అయినా ఇది నా కంటపడలేదు. సొంత అన్నకు సైతం కాదని చెప్పగలిగిన నాయకులు ఇప్పుడు అరుదని మా వయసువాళ్ళం అనుకుంటూ ఉంటాం. నిజమే కావచ్చు. ఆ కాదన్న మాటను పక్కన కూర్చుని చెప్పే తీరిక మాత్రం మా రోజుల్లోనే పోయింది.