జగ్గు పెట్టి వెళ్లిన టెస్ట్

నిన్న పొద్దున్న జగ్గు ఫోన్ చేశాడు.

"నీ కొత్త మిషన్‌కి టెస్ట్ పెట్టాన్రా. రేపొచ్చి పట్టుకెళిపో" అన్నాడు.

మధ్యాహ్నం వాళ్ల అన్నయ్య ఫోన్. ఎచ్చెర్ల దాటాక హైవే మీద లారీ గుద్దేసిందట. జగ్గు లేడు.

"ఏ జగ్గు?" అన్నాను. తెలిసే అన్నాను. ఇంకో జగ్గు ఎవడైనా ఉంటాడేమోనని.

ఇవాళ అన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంటే ఏమీ తోచట్లేదు. అందుకే ఇది రాస్తున్నా.

వాడు తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. జగ్గు అంటే జగన్నాథం. రాజాంలో ధాన్యం కొట్టు వాళ్ల చిన్నబ్బాయి. నా డిగ్రీ క్లాస్‌మేట్. నాన్నగారూ అన్నయ్యా ధాన్యం చూసుకుంటే, వీడు ఇంటి ముందు గదిలో కంప్యూటర్లు అసెంబుల్ చేసేవాడు. రాజాం నుంచి శ్రీకాకుళం దాకా ఎవరికి సిస్టమ్ కావాలన్నా వీడే.

వీడి పిచ్చి ర్యామ్, అదే కంప్యూటర్ మెమరీ.

కంపెనీ వాడు ఒక స్పీడ్ రాసి అమ్ముతాడు కదా, దాన్ని అంతకంటే ఎక్కువ పరిగెత్తించాలి. ఓవర్‌క్లాకింగ్ అంటారు. స్పీడ్ పెంచడం పెద్ద పని కాదు. పెంచాక గంటల తరబడి టెస్ట్ పెట్టాలి, ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. వచ్చిందా, సెట్టింగ్ మార్చి మళ్ళీ మొదటికి.

"ఆన్ అవడం ఏటుందిరా, ఏ డొక్కు మిషనైనా ఆనవుతాది. నిలబడాల" అనేవాడు.

టెస్ట్ పెట్టేది కూడా మే నెల మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్ ఆపేసి. ఆ ఉక్కకి నిలబడితే ఇంక దేనికైనా నిలబడుతుందట. మిషన్‌తో పాటు మేమూ ఉడికేవాళ్లం. జాలిపడి వాళ్లమ్మ ముంజలు తెచ్చి ఇచ్చేది. నేను పిన్నీ అంటాను ఆవిడని.

ఓసారి టెస్ట్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా లోపల పిన్ని గ్రైండర్ వేసింది. వోల్టేజ్ పడిపోయి సిస్టమ్ రీస్టార్ట్ అయింది. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. జగ్గు మాత్రం మళ్ళీ టెస్ట్ పెట్టి, నానబెట్టిన మినప్పప్పు గిన్నె తీసుకుని పక్కింటికెళ్లి రుబ్బించుకొచ్చాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అట్టు వెయ్యాలన్నా ముందు టెస్ట్ అవ్వాలి. పిన్ని వంటింట్లోంచి అడిగేది, వీడు సరే అంటేనే స్విచ్ వేసేది.

నాది పెళ్లి వీడియోల స్టూడియో అని మీకు తెలుసు. డీడీఆర్ ఫోర్ ర్యామ్ కొత్తగా వచ్చినప్పుడు జగ్గు నాకో సిస్టమ్ చేసిచ్చాడు. రాకెట్టే. ఊళ్లో అందరికీ చూపించుకున్నాం.

ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే చోట పెళ్లికూతురి మొహం మీద ఆకుపచ్చ గళ్లు పడ్డాయి. కెమెరాలో బాగానే ఉంది, ఎడిటింగ్ అయ్యాక రెండర్ చేసి ఫైనల్ వీడియో తీస్తే గళ్లు. జగ్గు వచ్చి చూశాడు. వాడి టెస్ట్ అంతా పాసైన మిషనే అది. అయినా స్పీడ్ ఒక మెట్టు దించాడు. తన చేత్తో తను స్పీడ్ దించడం నేను చూసింది అప్పుడే.

"నీది పెళ్లిళ్ల మిషన్రా. ఇది పరిగెట్టకపోయినా పర్లేదు, పడిపోకూడదు. ఆలకి తాళి మళ్ళీ కట్టమని సెప్తామేటి?"

అప్పట్నుంచి నా మిషన్లకి మామూలు టెస్ట్‌కి రెట్టింపు టెస్ట్ పెట్టేవాడు. అది నడుస్తుంటే సిస్టమ్ ముట్టుకోకూడదు. ఇంక పనేముంది, కబుర్లే. వాడికి చూసిన సంబంధాలు, నా అప్పటి గొడవలు, ఎవరో ఒకరి మీద చాడీలు. ప్రతిసారీ భావనపాడు వెళ్లి సముద్రం చూద్దామని ప్లాన్ వేసేవాళ్లం. ఒక్కసారీ వెళ్లలేదు. మేం వెళ్తే టెస్ట్ ఎవరు చూస్తారు?

నిన్న సాయంత్రం జగ్గుని ఇంటికి తెచ్చారు.

ముందు గదిలోనే ఉంచుదామన్నారు. ఫ్రీజర్ బాక్స్ వచ్చింది. దానికి సరిపోయే పెద్ద ప్లగ్గు ఆ గదిలో ఒక్కటే. దానికి నా కొత్త మిషన్ పెట్టి ఉంది. స్క్రీన్ మీద టెస్ట్ నడుస్తోంది.

బాక్స్ తెచ్చినాయన వైరు తియ్యబోయాడు. అప్పటిదాకా పిన్ని ఏడవలేదు. లేచి వచ్చి ప్లగ్గుకి అడ్డంగా నిలబడింది.

"అది తియ్యకండి బాబూ. ఆపొద్దని సెప్పి ఎళ్లాడు."

జగ్గు నాన్నగారు గోడవైపు తిరిగిపోయారు. పిన్ని నన్ను చూసింది.

"నువ్వు సూడు నాయనా. పాసయిందేటి?"

వెళ్లి స్క్రీన్ చూశాను. ఎర్రర్లు సున్నా. కానీ టెస్ట్ ఇంకా చాలా ఉంది.

"పాసయింది పిన్నీ. అయిపోయింది" అన్నాను.

"అయితే తియ్యండి" అని పక్కకి జరిగింది. అప్పుడు ఏడ్చింది.

వైరు నేనే తీశాను.

ఒరే జగ్గూ, అవలేదురా అది. పూర్తి కాని టెస్ట్‌ని పాస్ అంటే నువ్వు ఊరుకునే రకం కాదు. ఊరుకోకు. ఒక్కసారి వచ్చి తిట్టిపో.

మిషన్ ఇంకా మీ ఇంట్లోనే ఉంది. పట్టుకెళ్లమని అన్నయ్య అన్నాడు. తెచ్చుకుంటే టెస్ట్ మళ్ళీ మొదటి నుంచీ పెట్టాలి. పెట్టడం నాకొచ్చు, నువ్వే నేర్పావు.

అది నడుస్తున్నంతసేపూ నేను ఎవరితో మాట్లాడాల్రా?

వెళ్లిరా జగ్గూ. ఇంక దేన్నీ కనిపెట్టుకుని కూర్చునే పని లేకుండా, నువ్వున్న చోట చల్లగా, నెమ్మదిగా ఉండు.