దొంగ దూకుడు

వాలీబాల్‌లో నాది బంతిని తాకని పని. బంతి నాకే వస్తోందన్నట్టు నెట్ దగ్గర చెయ్యెత్తి ముందుగా ఎగరాలి. అవతలి జట్టువాళ్లు నన్ను అడ్డుకోవడానికి నాతోపాటే లేస్తారు. వాళ్లు కిందికి దిగేలోపు మా లిఫ్టర్ బంతిని నా తల మీదుగా వెనక్కి పంపుతాడు. అక్కడ నా స్నేహితుడు లేచి, అడ్డులేని నెట్ మీదుగా షాటు కొడతాడు. దీన్ని మేం దొంగ దూకుడు అనేవాళ్లం. సంగనకల్లు గుట్టలు కనబడే మా ఊరి మైదానంలో రెండేళ్లు సాధన చేశాం, చాలా రోజులు బంతి కూడా లేకుండానే. లిఫ్టర్ కన్నడం వాడు, ఒకటి రెండు వాళ్ల భాషలోనే లెక్కపెట్టేవాడు. వాడు "ఒందు" అంటే నేను ఎగరాలి, "ఎరడు" అంటే నా స్నేహితుడు. ఆ రెప్పపాటు తేడా ఒంటికి పట్టేసరికి మోకాళ్లు వాచిపోయాయి.

మా చేన్లో కూలికి వచ్చేవాళ్ల కొడుకు నా స్నేహితుడు. వాడూ పనికి వచ్చేవాడు. మా ఇంటి దగ్గర నోరు విప్పేవాడు కాదుగానీ, ఆటలోకి దిగితే నన్ను కడిగేసేవాడు. "యాడ సూస్తాండావప్పా, ఎగురు ముందు" అనేవాడు. ఆ తిట్లు నాకు భలే ఇష్టం.

ఆ ఏడాది బళ్లారిలో టోర్నమెంటు పెట్టారు. ఏదో కంపెనీ జట్టు కోచ్ చూడ్డానికి వస్తున్నాడని, షాటు కొట్టేవాడొకడు కావాలని, నచ్చితే ఉద్యోగమేనని కబురొచ్చింది. ఆ కబురు విన్న రోజు నుంచి వాళ్లింట్లో వేరే మాట లేదు. వాళ్లమ్మ దేవుడికి ముడుపు కూడా కట్టింది.

తీరా మ్యాచ్ రోజు తెల్లారేసరికి మబ్బు పట్టింది. మా కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. తడిస్తే పంటంతా గోవిందా. మా నాయన వాళ్లింటిల్లిపాదినీ పిలిపించాడు. "వాణ్ని ఈ పొద్దు వదిలేయి నాయనా, మ్యాచ్ ఉండాది" అని ఒక్క మాట అడగాల్సినవాణ్ని నేను. ఆయన చిరాకులో ఉన్నాడు, మధ్యాహ్నానికి అయిపోతుందిలే అని ఊరుకున్నాను. నేను మాత్రం ఒక్క గోతాం ముట్టలేదు. ఆటకు ముందే ఒళ్లు అలిసిపోతుందని మా అమ్మ వద్దంది. రాస్తుంటే సిగ్గేస్తోంది.

పన్నెండు దాకా వాడు కాయలు ఎత్తాడు. మిరప ఘాటు వట్టి నీళ్లకు పోదు. చేతులకు ఆముదం పట్టించి, కాసేపు ఆగి కడుక్కోవాలి. మా వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

"రోంత ఆముదం రుద్దుకోని వస్తా" అన్నాడు.

"టైం లేదురా, ఎక్కు" అని బండి తీసింది నేనే.

పని ముగించుకుని మా నాయన, వాళ్లమ్మ, ఊరివాళ్లూ ఆట చూడ్డానికి వచ్చారు. ఆటలో వాడు జాగ్రత్తగానే ఉన్నాడు. చెమటను చేత్తో తుడవకుండా భుజానికి రాసుకున్నాడు. దొంగ దూకుడు నాలుగుసార్లు వేస్తే నాలుగూ పండాయి. నాలుగోసారి కోచ్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. వాడు అది చూశాడు. ఆ సంతోషంలో అంతా మరిచిపోయి, అరచేత్తో ముఖమంతా తుడుచుకున్నాడు.

తర్వాతి బంతికి "ఒందు" వినబడగానే ఎగిరాను. అవతల ఇద్దరు నాతో లేచారు. "ఎరడు" కూడా వినిపించింది. నా వెనక ఎవరూ లేవలేదు. బంతి నేల మీద పడింది. తిరిగి చూస్తే వాడు కళ్లు మూసుకుని మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. ఎవరో ముఖం మీద నీళ్లు కొడితే మంట ఇంకా ఎక్కువైంది. అయినా లేచి ఆడాడు. బంతి ఒక చోట, చెయ్యి ఒక చోట. ఓడిపోయాం.

కోచ్ మా దగ్గరికి వచ్చి, ఎర్రబడి నీళ్లు కారుతున్న వాడి కళ్లను చూసి, నన్ను అడిగాడు. "వీడేమైనా తాగొచ్చినాడా?"

మా నాయన ఊరి పెద్దలతో కలిసి నా పక్కనే నిలబడి ఉన్నాడు. నిజం చెబితే, మ్యాచ్ రోజు వాణ్ని మిరపకాయలకు పిలిచింది మేమేనని అందరి ముందూ చెప్పాలి. నేను తల వంచుకుని బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నాను. కోచ్ వెళ్లిపోయాడు. వాడు తాగొచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఊళ్లో చాలా కాలం చెప్పుకున్నారు. అది కూడా వింటూ ఊరుకున్నాను.

ఇప్పుడు వాడు కుడతిని థర్మల్ కేంద్రం దగ్గర బూడిద లారీ తోలుతున్నాడు. పోయినేడు మా నాయన పోయాక, వాణ్ని వెతుక్కుంటూ వెళ్లాను. తప్పు నాదేనన్నాను. క్షమించమన్నాను. వాడు లారీ అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

"ఆ పొద్దు నువ్వైనా ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను.

"సెప్పుదామనే ఉన్న్యా అప్పా. మా యమ్మ దూరం నుంచి వద్దని చెయ్యి ఊపె. తెల్లారితే మళ్లా మీ కళ్లానికే రావల్ల కదా." గుడ్డ పిండి, అద్దం మీద ఆరేశాడు. "మీ దిక్కు సూస్తి. మీరు ఒక్క మాట అనింటే, మిగతాది నేను సెప్పేవాణ్ని."