గుర్తు లేదక్కా

ఆ రోజు బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆడిటర్ ఆఫీసు గదిలో ఉన్నవాళ్లు నలుగురు: ఆడిటర్ గారు, ఆయన దగ్గర రిటర్నులు తయారుచేసే శారదక్క, బళేపేటలో గాజుల అంగడి ఉన్న నరసప్ప, నేను. బల్ల మీద ఉన్నవి: ఆదాయపు పన్ను నోటీసు, నా ల్యాప్‌టాప్, మూడు కప్పుల కాఫీ. శారదక్కకు కాఫీ రాలేదు. నా బ్యాగులో, ఎవరికీ కనబడకుండా, ఇరవై రెండు పేజీల కాగితాల కట్ట.

ఆ కట్టను మూడేళ్లుగా మోస్తున్నాను. ఇల్లు రెండుసార్లు మారాను. రెండుసార్లూ ముందుగా సర్దింది దాన్నే. ఎందుకు పారేయలేదు? తెలియదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే చెప్పేటప్పుడు మీ ముఖం నాకు కనబడదు.

వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకు అనుకూలంగా చెప్పుకుంటానని భయం.

నాది మహదేవపురలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్రిప్టో లావాదేవీలను పన్ను లెక్కకు అనువుగా జాబితా చేసే ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాశాను. ఆడిటర్ గారు మా ఊరివారు, అలాంటి ఫైలు వస్తే నన్ను పిలిచేవారు. నరసప్ప ఫైలు అలా వచ్చిందే. ఎవరో చెప్పగా ఆయన లిక్విడిటీ పూల్‌లో డబ్బు పెట్టాడు. పూల్ అంటే ఒక ఉమ్మడి కుండ లాంటిది. మనం రెండు రకాల కాయిన్లు జతగా అందులో వేస్తాం. ఎవరెవరో వచ్చి ఒక రకం వేసి ఇంకో రకం తీసుకుంటారు, కొంత రుసుము వదిలి వెళతారు. ఆ రుసుములో మనకు వాటా వస్తుంది. అంటే వేసింది, తీసింది ఒకటి కావు.

కాయిన్లు ఉండే ఒక్కో చోటికీ ఖాతా నంబరు లాంటి చిరునామా ఉంటుంది. నా ప్రోగ్రామ్‌లో దాని పక్కన ‘సొంతం’ అని ఒక గడి ఉంది. ఏ చిరునామాకు ఆ గడిలో టిక్ పెడితే, దానికి వెళ్లేదీ దాని నుంచి వచ్చేదీ మనిషి తన ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకున్నట్టే లెక్క. పన్ను పడదు. ఫోన్‌లో ఒక్కో చిరునామా చివరి నాలుగు అక్షరాలు చదువుతూ “ఇది మీదేనా?” అని అడిగాను. పూల్ చిరునామా దగ్గర నరసప్ప “నాదే అప్పా, నా దుడ్డే కదా ఆడ ఉండాది” అన్నాడు. డబ్బు తనదని ఆయన అన్నాడు. కుండ తనదని నేను విన్నాను. టిక్ పెట్టేశాను. రుసుముల వాటాగా వచ్చిన ఆదాయమంతా ఆ ఒక్క టిక్‌తో కనబడకుండా పోయింది.

ఇది పొరపాటు. నేను ఒప్పుకోవాలనుకున్నది దీన్ని కాదు.

శారదక్క నా జాబితా ప్రింటు తీసి, కొన్ని వరుసల పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకాలు పెట్టి, నా చేతికే ఇచ్చింది. ఒకసారి చూడమంది. క్రిప్టో గురించి ఈమెకేం తెలుసు అనుకున్నాను. రెండు రోజుల తర్వాత, కట్ట విప్పకుండానే, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఫోన్‌లో చెప్పాను. రిటర్ను వెళ్లిపోయింది.

నెలన్నర తర్వాత, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, బ్యాగు దులుపుతుంటే కట్ట బయటపడింది. మొదటి గుర్తు పూల్ వరుస పక్కనే ఉంది. నా టిక్ తప్పని అక్కడే అర్థమైంది. సవరించిన రిటర్ను వేయడానికి ఇంకా గడువుంది. ఒక్క ఫోన్ చాలు. కానీ అప్పటికే మా ఆఫీసులో ఐదుగురు నా ప్రోగ్రామ్ అడిగి ఉన్నారు. అందులో తప్పుందని తెలిస్తే ఏమనుకుంటారు? ఇంత చిన్న కారణమా? అవును, ఇంతే. దీనికన్నా పెద్దది ఉంటుందేమోనని చాలా వెతికాను. లేదు.

మరుసటి ఏడు, ఆ రుసుముల ఆదాయం చూపలేదని నోటీసు వచ్చింది. ఆ గదిలో మొదట మాట్లాడింది నేనే. ప్రోగ్రామ్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే లెక్క వేస్తుందన్నాను. తన వైపు తప్పేమీ లేదంది శారదక్క.

నరసప్ప నోటీసును వేలితో తట్టాడు. “ఈ యప్ప మిషను తప్పు చేయదంటాడు. ఆయమ్మ నేను చేయలేదంటాది. ఇంగ ఎవురు చేసినారప్పా, మా అంగట్లో గాజులా?”

ఆడిటర్ గారు నవ్వలేదు. “ఈ లైన్లు నువ్వు చెక్ చేశావా శారదా?”

“చేసినా సార్. డౌట్ వచ్చినవాటికి గుర్తులు పెట్టి ఈ తమ్ముడికే ఇచ్చినా.” నా వైపు తిరిగింది. “పెన్సిల్‌తో పెట్టిచ్చినా కదా తమ్ముడూ. గుర్తు లేదా?”

బ్యాగు నా కాళ్ల మధ్య ఉంది. జిప్పు సగం తీసే ఉంది.

“గుర్తు లేదక్కా.”

ఆమె రెండోసారి అడగలేదు. బల్ల మీది కాగితాలు సర్దింది, అంతే.

ఇవ్వలేదు అనలేదు నేను. గుర్తు లేదు అన్నాను. ఎవరూ కాదనలేని మాట. దాన్ని వెతుక్కోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఎక్కువగా వెంటాడుతున్నది అదే. అసలు ఆ రోజు కట్టను ఎందుకు తీసుకెళ్లాను? చూపించడానికే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. లేక, అది వేరే ఎవరి చేతికీ చిక్కకుండా నా దగ్గరే ఉండాలనా? చూపించేవాడినే అయితే జిప్పు మిగతా సగం తీయడానికి ఏమైంది?

నరసప్ప పన్ను, వడ్డీ, జరిమానా కట్టి, ఫైలు వేరే ఆడిటర్‌కు మార్చుకున్నాడు. ఆ ఏడాది నుంచి కొన్ని ఫైళ్లు శారదక్క ఒక్కతే చూసుకునేలా ఇస్తానని ఆడిటర్ గారు అంతకుముందే మాటిచ్చారు. ఇవ్వలేదు. ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మూడు నెలలకు ఆమె మానేసింది. చివరి రోజు నేను మెట్ల మీద ఎదురుపడ్డాను. “బాగుండు తమ్ముడూ” అంది. ఎత్తిపొడుపు కాదు. అయి ఉంటే బాగుండేది.

ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. ఇంకా ఫోన్ చేయలేదు. మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు, ఆ హక్కు మీది కాదు. గుర్తుందక్కా అని ఎక్కడో ఒకచోట రాయాలనిపించింది. రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఇప్పుడే కట్ట విప్పి మళ్లీ లెక్కపెట్టాను. నా జాబితాలో తప్పు వరుసలు పదకొండు. ఆమె పెట్టిన గుర్తులు పదకొండు.