కావలిలో గుంతలు

నా భార్య సుజాత పోయి ఏడాది కావస్తోంది. బళ్ళారిలో కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేది. సెలవు దొరికితే హచ్చొళ్ళి అవతల ఉన్న ఒక గడ్డినేలకు వెళ్ళేది. పోయిన వారం ఆమె శిష్యుడు, ఇప్పుడు అటవీశాఖలో పనిచేస్తున్న మంజునాథ్ ఫోన్ చేశాడు. ఆ నేలలో ఆమె పేరుతో వనం పెంచుతున్నారట, మొదటి మొక్క నేను నాటాలట. అక్కడ చెట్లు పెట్టవద్దని ఏళ్ళ తరబడి అర్జీలు రాసిన మనిషి ఆమె. ఫోన్లోనే వద్దన్నాను. "ఒక్కసారి వచ్చి చూడండి సార్" అన్నాడు. ఆపించడానికే బయలుదేరాను.

బళ్ళారి సత్యనారాయణపేట నుంచి ఆటోలో బస్టాండుకు, అక్కడ ఆరు గంటలకు సిరుగుప్ప బస్సు. ఈ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కనుక, సీటు కావలసిన మగవాళ్ళు కాస్త ముందుగా వెళ్ళాలి. నేను ఆలస్యంగా ఎక్కాను.

"ఏమప్పా, దుడ్డిచ్చినోడివి నిలబడుకొని వస్తాండావు, ఊరికే వచ్చేటోళ్ళం మేము కూచొని ఉండాం" అని ఒక పెద్దామె నవ్వి, కాస్త జరిగి చోటిచ్చింది.

సిరుగుప్పలో బస్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. తినడమూ, నీళ్ళు నింపుకోవడమూ ఇక్కడే ముగించుకోవడం మంచిది.

హచ్చొళ్ళి బస్సు కాలువ వెంబడి, వరిమళ్ళ మధ్య పోతుంది. నా పక్కన కూర్చున్నాయన తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద వలస రైతులు కట్టుకున్న క్యాంపులో స్థిరపడ్డ రైతు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఆ బీడా అండీ? ఒకప్పుడు ఇదంతా అలాగే ఉండేదట. దానికి కాలువ అందలేదు, అలా మిగిలిపోయింది పాపం" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగాను.

హచ్చొళ్ళి నుంచి షేర్ ఆటో. తారు అయిపోయిన చోట దిగి నడవాలి. కావలి అక్కడ మొదలవుతుంది. కావలి అంటే ఊరంతా కలిసి మూసి ఉంచే గడ్డి బీడు. తొలివానకు గట్టు మీది రాయికి సున్నం పూస్తారు. అప్పటి నుంచి గడ్డి విత్తనం రాలేదాకా, అంటే దసరా దాకా, ఒక్క గొర్రె కూడా లోపలికి పోదు. ఆ గడ్డిలో, నేల మీదే పిట్టలు గూడు పెడతాయి. చెట్టు లేస్తే కొమ్మ మీద గద్ద వాలుతుంది, గూళ్ళు మిగలవు అని సుజాత చెప్పేది. చెట్టు లేకపోవడం ఈ నేలకు జబ్బు కాదని అర్జీల్లో రాసేది.

రాయికి ఈ ఏడు కూడా సున్నం ఉంది. దాని వెనక మోకాటి ఎత్తు గడ్డిలో వరసగా గుంతలు. తోడిన మట్టి కింద గడ్డి అణిగిపోయి ఉంది. పక్కన కానుగ, నీలగిరి మొక్కల ప్యాకెట్లు. పసుపు బోర్డు మీద కన్నడంలో "సుజాత స్మృతి వన" అని రాశారు.

ఆమె వచ్చినప్పుడల్లా మజ్జిగ ఇచ్చే గొర్రెలకాపరి లింగప్ప కనిపించాడు. గుంతలు ఎవరు తీశారని అడిగాను.

"ఇంకెవరు సార్, మేమే. గొర్రెను తోలగూడదు గానీ గడ్డపార తోలొచ్చంట! మా నాయన ఉండింటే ఆ పారతో నన్నే ఏసేటోడు." తనే నవ్వి, తనే ఆపేశాడు. "మేము మొదలు వద్దంటిమి. ఈడ బోర్డు పెట్టినారు. అమ్మ పేరు ఉండాదే, అమ్మే పెట్టమనిందేమో అనుకొని తోడితిమి."

ఆ మాట విన్నాక, మొక్కలు లెక్కబెట్టిస్తున్న మంజునాథ్ దగ్గరికి వెళ్ళాను.

"గుట్టల్లో గనికి పోయిన అడవికి బదులు యాడో ఒకచోట చెట్లు పెట్టాల సార్. ఈడ జాగా ఖాళీగా ఉండాది. ఎట్లా పెడతాండారు, మేడం పేరన్నా ఉండనీ అని నేనే పట్టుబట్టి రాయించినా" అన్నాడు.

"ఆమె దగ్గర చదువుకున్నావు కదా, మంజూ."

"చదువుకున్నా సార్. ఉద్యోగం ఆమె దగ్గర కాదు కదా."

"మొక్కలు ఆపించు."

"నా చేతిలో లేదు సార్."

"పేరు తీయించు."

"అదొక్కటే నా చేతిలో ఉండాది" అన్నాడు.

లింగప్ప రాయికి పూయగా మిగిలిన సున్నం డబ్బా తెచ్చాడు. మంజునాథ్ కుంచె పట్టుకున్న తీరు చూసి, "ఇట్ల ఇయ్యప్పా, అది పూసేది కాదు, గీరేది" అని లాక్కున్నాడు. ఆమె పేరు మీద రెండు పూతలు పూశాడు. "స్మృతి వన" అని మిగిలింది. ఎవరి స్మృతో లేదు. మొదటి మొక్క నాటడానికి ఇంకెవరినో పిలిచారు. అప్పటికి నేను దారి పట్టాను.

తిరుగు బస్సు సాయంత్రం. క్యాంపు దగ్గర పొద్దుటి రైతే ఖాళీ ఎరువు సంచితో ఎక్కాడు. "నాటి వచ్చారా అండీ?" అన్నాడు. లేదన్నాను. "ఎవరో ఒకరు నాటుతారు లెండి, మంచి పని ఆగదు" అని నన్ను ఓదార్చాడు. సిరుగుప్ప చేరేదాకా నిద్రపోయాడు.

ఈ దారిన వెళ్ళదలచినవారు కొన్నేళ్ళు ఆగి వెళితే అక్కడ నీడ ఉంటుంది. కూర్చుని అన్నం తినవచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. ఇంతకుముందు ఇక్కడ ఏముండేదని ఎవరినైనా అడిగితే, ఏమీ లేదు, ఖాళీగా ఉండేదని చెబుతారు.