చేతులు కడుక్కోవడానికో పంపు

మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు బాత్రూముకి వెళ్లొచ్చాక కాదు, వెళ్లే ముందు చేతులు కడుక్కోవాలి. ఎందుకో గుంటూరు వైపు పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు నాలుగు ఎండుమిరపకాయలు తుంచి, అదే చేత్తో కన్ను నలుపుకుని చూడండి. ఆ తర్వాత కంటికన్నా సున్నితమైన చోటు గురించి ఆలోచించండి.

నేను పనిచేసిన కారం కంపెనీలో ఈ సంగతి పట్టని మనిషి ఫ్లోర్ సూపర్‌వైజర్. యజమాని బావమరిది. అంతకు మించిన అర్హత నాకైతే కనిపించలేదు. నేను కెమిస్ట్రీ చదివి అక్కడ క్వాలిటీ చూసేదాన్ని. బ్రాడీపేట నుంచి రోజూ స్కూటీ మీద వెళ్లి, రోజూ ఎవరితోనో ఒకరితో గొడవపడి వచ్చేదాన్ని.

షెడ్డు పక్కన ఒక నీళ్ల డ్రమ్ము ఉండేది. బాత్రూముల్లో పంపు లేదు కాబట్టి ఆడవాళ్లు చేతులు కడుక్కోవడానికైనా, లోపలికి తీసుకెళ్లడానికైనా ఆ నీళ్లే. దసరా వెళ్లగానే సూపర్‌వైజర్ దాన్ని తీయించేశాడు. తడి చేతులతో ముట్టుకుంటే కాయకి బూజు పడుతుందట! తూకం పెరగాలని అదే కాయ మీద పైపుతో నీళ్లు కొట్టించే కంపెనీ అది. ఇక నీళ్లు కావాలంటే గేటు దాకా వెళ్లాలి, వెళ్లాలంటే ఆయన్ని అడగాలి. ఆడవాళ్లు అడగలేదు. మంచినీళ్లు తాగడం మానేశారు.

ఒక మధ్యాహ్నం వాళ్లలో ఒకావిడ నా గది గుమ్మం దగ్గర నిలబడింది. ముప్పై దాటి ఉండవు.

"మేడంగారూ, ఒంటికెళ్తే మంట తట్టుకోలేకపోతన్నానండి. రగతం కూడా పడతంది. నీళ్లు బాగా తాగమన్నాడు డాక్టరు. తాగితే ఆయన్ని అడగాల కదండీ."

"అడగొచ్చుగా?"

"అడిగానండి. 'ఇందాకేగా ఎల్లొచ్చావు, అక్కడేమన్నా కాపరం పెట్టావా' అన్నాడండి. అందరూ నవ్వారు. నా పేరు మాత్రం చెప్పమాకండి. ఈ పని పోతే మందులకి కూడా దిక్కులేదు."

పేరు చెప్పకుండానే యజమానితో మాట్లాడాను. కాఫీ ఇప్పించాడు. "అంతా పారదర్శకంగా చూద్దాం మేడం" అన్నాడు. ఆయన పారదర్శకత మర్నాడు పొద్దున తెలిసింది. షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి, బావమరిదిని పక్క కుర్చీలో పెట్టుకుని అడిగాడు.

"బాత్రూము ఇబ్బంది ఎవరికమ్మా? లేచి చెప్పండి, భయపడకండి."

ఒక్కరూ లేవలేదు. బావమరిది కాలు మీద కాలేసుకుని నవ్వాడు. "మేడంగారికి ఖాళీ ఎక్కువైనట్టుంది బావా. కథలల్లుతున్నారు."

"ఎవరి మీద ఫిర్యాదో వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చేసినవాళ్లని నేల మీద కూర్చోబెట్టి అడిగితే ఎవరు లేస్తారు సార్?" అంటున్నాను నేను. అప్పుడు ఆవిడ లేచింది.

"మేడంగారు అబద్ధం ఆడలేదండి. నేనేనండి చెప్పింది."

వారంలోపే పంపు వచ్చింది. ఎక్కడనుకున్నారు? సూపర్‌వైజర్ బల్లకి సరిగ్గా ఎదురుగా, కెమెరా కింద. ఎవరెన్నిసార్లు వెళ్తున్నారో ఆయనకి తెలియాలి కదా. పంపుకి పసుపు రాసి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆవిడ చేతనే తిప్పించారు. ఫోటో తీసి 'మా కార్మికులే మా బలం' అని కింద రాసి ఆఫీసులో తగిలించారు.

మర్నాటి నుంచి ఆవిడ ఇంటి ముందు ఆటో ఆగలేదు.

మా దగ్గర కూలీలను పనిలోంచి తీసేయడం అంటూ ఉండదు. ఊళ్ల నుంచి వాళ్లను మేస్త్రి ఆటోలో తీసుకొస్తాడు. ఆటో ఆగితే పని ఉన్నట్టు, ఆగకపోతే లేనట్టు. ఆవిడ క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద నిలబడిందట. ఆటోలోవాళ్లు ఆవిడ వైపు చూడకుండానే వెళ్లిపోయారట.

మేస్త్రిని నిలదీశాను. "ఆటో నిండింది మేడం" అన్నాడు.

"ఇద్దరు కూర్చునే చోట ఐదుగుర్ని కుక్కుతావు, ఆవిడకే నిండిందా?"

"నన్ను అడగమాకండి. నాకూ పెళ్లాం పిల్లలున్నారు."

యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆమె మేస్త్రి మనిషి, మా ఉద్యోగి కాదు కదా మేడం. మేం ఎలా తీసేస్తాం?"

"మరి ఆ ఫోటో కింద మా కార్మికులని ఎందుకు రాశారు?"

ఫోటో వైపు తలెత్తి చూశాడు. "నిజమే. మంచి పాయింటు చెప్పారు."

సాయంత్రానికి ఫోటో తీయించేశాడు. ఆ కంపెనీలో నేను నెగ్గిన వాదన అదొక్కటే.

తర్వాత ఆవిడకి ఎక్కడైనా పని ఇప్పించమని తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఒక కోల్డ్ స్టోరేజీ గుమస్తా అయితే నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. "ఆ పంపు గొడవ మనిషా? వద్దులెండి."

"గొడవ చేసింది నేనండీ, ఆవిడ కాదు."

"మీరు చదువుకున్నోళ్లు, మీకు చెల్లుద్ది. ఆమె వద్దు."

ఆ ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మనిషి సగమైంది. ఇంకా ఇద్దరు ముగ్గురిని అడిగి చూస్తానన్నాను. చేట పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది.

"ఇంకెవరికీ ఫోను చెయ్యమాకండి మేడంగారూ. మీకు దణ్ణం పెడతాను. ఎల్లుండి నుంచి పత్తి తీతకి రమ్మన్నారు. ఆళ్లకి కూడా తెలిస్తే అదీ పోద్ది."